డాంగ్లింగ్ రిఫరెన్స్ వార్నింగ్‌లు వందల్లో వస్తున్నాయి, ఫ్లాగ్ ఆపేయాలా?

ముందుగా ప్రశ్నను క్లుప్తంగా చెబుతాను, తర్వాత చదివేవాళ్లకు పనికొస్తుంది. అడిగినవారిది ఋషికొండ ఐటీ హిల్ మీద ఒక చిన్న టీం. పోర్టుకు వచ్చే ఓడలకు బెర్తులు కేటాయించే సాఫ్ట్‌వేర్, సీ++17లో రాసింది. బిల్డ్ మెషీన్‌ని ఉబుంటు 22.04 నుంచి 24.04కి మార్చారు. దాంతో సీ++ కంపైలర్ జీసీసీ 11 పోయి జీసీసీ 13 వచ్చింది. కోడ్‌లో ఒక్క లైన్ మారలేదు, అయినా "పాసిబ్లీ డాంగ్లింగ్ రిఫరెన్స్ టు ఎ టెంపరరీ" అని వందల వార్నింగ్‌లు, అంటే అప్పటికే పోయిన తాత్కాలిక వస్తువుని ఈ రిఫరెన్స్ ఇంకా చూపిస్తూ ఉండొచ్చని హెచ్చరిక. వార్నింగ్‌లన్నిటినీ ఎర్రర్లుగా మార్చే డబ్ల్యూ-ఎర్రర్ ఫ్లాగ్ పెట్టుకున్నారు కాబట్టి బిల్డే ఆగిపోయింది. పది వార్నింగ్‌లు తీసి చూస్తే పదీ తప్పుడువే. రిలీజ్ దగ్గర పడింది, టెన్షన్‌గా ఉంది, ఆ ఫ్లాగ్ ఆపేయమని టీం లీడ్ అంటున్నారు. ఏం చేయమంటారు అని ప్రశ్న.

మీరు చూసిన పదిలో దాదాపు అన్నీ తప్పుడువే అన్నమాట నేను నమ్ముతాను. ఈ వార్నింగ్ స్వభావమే అంత. రిలీజ్ ఆగకుండా ఉండాలంటే ఈ రోజుకి ఒక పని చేయండి: వార్నింగ్‌ని ఆపొద్దు, అది ఎర్రర్‌గా మారకుండా మాత్రం ఆపండి. డబ్ల్యూ-నో-ఎర్రర్ అని రాసి, ఈక్వల్స్ గుర్తు పక్కన డాంగ్లింగ్-రిఫరెన్స్ అని ఇస్తే ఈ ఒక్కటే మామూలు వార్నింగ్‌గా ఉండిపోతుంది, మిగతావన్నీ మునుపటిలాగే బిల్డ్‌ని ఆపుతాయి. రిలీజ్ వెళ్లిపోయాక తీరిగ్గా కింద చెప్పినట్టు చేయండి. రెండు మూడు రోజుల పని, అంతకన్నా పట్టదు.

అసలు జీసీసీ ఏం చూసి అరుస్తోందో తెలిస్తే సగం పని అయినట్టే.

సీ++లో టెంపరరీ, అంటే పేరు లేకుండా ఎక్స్‌ప్రెషన్ మధ్యలో పుట్టే వస్తువు, దాని ఆయుష్షు ఆ పూర్తి ఎక్స్‌ప్రెషన్ అయ్యేదాకా, మామూలు మాటల్లో ఆ లైన్ చివరి సెమికోలన్ దాకా. టెంపరరీని నేరుగా ఒక కాన్స్ట్ రిఫరెన్స్‌కి కట్టేస్తే భాష దాని ఆయుష్షు పొడిగిస్తుంది, ఆ రిఫరెన్స్ ఉన్నంతకాలం అదీ ఉంటుంది. కానీ మధ్యలో ఒక ఫంక్షన్ దూరిందంటే ఈ పొడిగింపు లేదు. ఎస్‌టీడీ మాక్స్‌కి ఎన్-1, ఎన్+1 ఇచ్చి, ఫలితాన్ని కాన్స్ట్ ఇంట్ రిఫరెన్స్‌లో పట్టుకున్నారనుకోండి. రెండు టెంపరరీలు పుట్టాయి, మాక్స్ వాటిలో ఒకదాని రిఫరెన్స్ తిరిగిచ్చింది, సెమికోలన్ దగ్గర రెండూ పోయాయి. మీ చేతిలో మిగిలింది కూల్చేసిన ఇంటి చిరునామా. జీసీసీ మాన్యువల్‌లో ఈ వార్నింగ్‌కి ఇచ్చిన ఉదాహరణ కూడా ఇదే.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఈ వార్నింగ్ కోసం జీసీసీ ఫంక్షన్ లోపలికి వెళ్లి చూడదు. గుమ్మం దగ్గరే నిలబడి డిక్లరేషన్ మాత్రం చూస్తుంది. మీరొక రిఫరెన్స్ వేరియబుల్‌ని ఫంక్షన్ కాల్‌తో మొదలుపెట్టారా, ఆ ఫంక్షన్ రిఫరెన్స్ తిరిగిస్తుందా, రిఫరెన్స్‌గా తీసుకునే పారామీటర్లలో దేనికైనా టెంపరరీ వెళ్లిందా. మూడింటికీ అవును అయితే "బహుశా" అని హెచ్చరిస్తుంది. ఆ "బహుశా" మెసేజ్‌లోనే ఉంది, చాలామంది దాన్ని చదవకుండా దాటేస్తారు. జీసీసీ 12లో వచ్చిన డాంగ్లింగ్ పాయింటర్ వార్నింగ్ దీనికి అన్న వరస అనిపిస్తుంది గానీ పని తీరు వేరు. అది ఆప్టిమైజర్ దాకా వెళ్లి, ఇన్‌లైన్ అయిన కోడ్‌ని కూడా చూడగలదు. పేర్లు దగ్గరగా ఉన్నాయని రెండింటినీ కలిపేయకండి.

మీ పది ఉదాహరణల్లో ఎనిమిది ఒకటే రకం అని మీరు పంపిన ముక్కలు చూస్తే తెలుస్తోంది. బెర్త్ వివరాలు ఇచ్చే ఫంక్షన్ ఒకటుంది. అది కాన్స్ట్ స్ట్రింగ్ రిఫరెన్స్ తీసుకుంటుంది, గ్లోబల్ పట్టికలో వెతుకుతుంది, దొరికిన బెర్త్ రిఫరెన్స్ తిరిగిస్తుంది. మీరు దాన్ని "ఈక్యూ-7" అనే లిటరల్‌తో, అంటే కోడ్‌లో కోట్స్ మధ్య నేరుగా రాసిన అక్షరాలతో పిలుస్తున్నారు. లిటరల్ నుంచి ఒక టెంపరరీ స్ట్రింగ్ పుట్టి, సెమికోలన్ దగ్గర పోతుంది. కానీ దాంతో మనకు పనేముంది? అది తాళంచెవి మాత్రమే. మీకు వచ్చిన రిఫరెన్స్ బీరువాలోని వస్తువుది. చెవి పారేసినా వస్తువు ఎక్కడికీ పోదు.

మీకూ నాకూ ఇది తెలుసు, ఎందుకంటే మనం ఫంక్షన్ బాడీ చదివాం. డిక్లరేషన్ చదివితే మాత్రం ఏ పారామీటర్ తాళంచెవో, ఏది బీరువాయో ఎక్కడా రాసి లేదు. రస్ట్ భాషలో రెండు రిఫరెన్సులు తీసుకుని ఒకటి తిరిగిచ్చే ఫంక్షన్ రాస్తే, ఫలితం ఏ పారామీటర్ ఆయుష్షుకి ముడిపడి ఉందో డిక్లరేషన్‌లోనే రాయమని కంపైలర్ పట్టుబడుతుంది, రాయకపోతే కంపైల్ కాదు. స్టాండర్డ్ సీ++లో ఆ మాట చెప్పే చోటే లేదు. కాబట్టి తప్పుడు వార్నింగ్‌లు తగ్గించడమంటే నా దృష్టిలో ఒకటే పని: చెవి ఏదో, బీరువా ఏదో డిక్లరేషన్ చూసినవాళ్లకు తెలిసేలా చేయడం. కంపైలర్‌కి తెలిస్తే అది ఊరుకుంటుంది, రేపు కొత్తగా టీంలో చేరినవాళ్లకూ తెలుస్తుంది.

వందల వార్నింగ్‌లని భయపడొద్దు. లైన్ల వారీగా చూడకండి, ఫంక్షన్ల వారీగా చూడండి. ప్రతి వార్నింగ్ కింద ఒక నోట్ వస్తుంది, టెంపరరీ ఏ పూర్తి ఎక్స్‌ప్రెషన్ చివర నాశనమైందో అందులో ఉంటుంది. బిల్డ్ లాగ్ నుంచి ఆ నోట్ లైన్లు గ్రెప్ చేసి, ఫంక్షన్ పేరు తర్వాత వచ్చే మొదటి బ్రాకెట్ దగ్గర కత్తిరించి, సార్ట్ చేసి, యూనిక్‌తో లెక్కపెట్టండి. నేను ఈ పని చేసిన ప్రతి ప్రాజెక్ట్‌లోనూ వందల వార్నింగ్‌లు పది పదిహేను ఫంక్షన్లకు తగ్గాయి. ఆ పదిహేను బాడీలు చదవడం ఒక మధ్యాహ్నం పని. ఒక్కో దాన్ని ఒకే ప్రశ్న అడగండి: ఇది తిరిగిచ్చే రిఫరెన్స్ ఎవరి దగ్గరున్న వస్తువుది?

జవాబు "పారామీటర్ చెవి మాత్రమే" అయితే, ఆ పారామీటర్‌ని రిఫరెన్స్‌గా తీసుకోవడం మానేయండి. స్ట్రింగ్ అయితే, అక్షరాలను కాపీ చేయకుండా ఉన్నచోటే చూపించే స్ట్రింగ్ వ్యూని విలువగా తీసుకోండి, అది సీ++17లో ఉంది. పారామీటర్ రిఫరెన్స్ కాదు కాబట్టి జీసీసీ దాన్ని లెక్కలోకి తీసుకోదు, వార్నింగ్ పోతుంది. పైగా లిటరల్‌తో పిలిచిన ప్రతిసారీ ఒక స్ట్రింగ్ తయారుచేసే ఖర్చు కూడా పోతుంది. జీసీసీ వాడే లైబ్రరీలో 15 అక్షరాల దాకా స్ట్రింగ్ తన లోపలే దాచుకుంటుంది, అది దాటితే హీప్ నుంచి మెమరీ తెచ్చుకుంటుంది. ఓడల పూర్తి పేర్లతో వెతికే చోట ఈ తేడా కొలిస్తే కనిపిస్తుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, దానికి ముందే సిద్ధంగా ఉండండి. మీ పట్టిక ఎస్‌టీడీ మ్యాప్ అయితే, స్ట్రింగ్ వ్యూతో ఫైండ్ చేయబోతే కంపైల్ కాదు. మ్యాప్ డిక్లరేషన్‌లో మూడో టెంప్లేట్ ఆర్గ్యుమెంట్‌గా టైప్ ఏమీ ఇవ్వని ఖాళీ లెస్ పెట్టాలి. సీ++14 నుంచి ఈ వెసులుబాటు ఉంది. అప్పుడు ఫైండ్, కౌంట్ లాంటివి పని చేస్తాయి, కానీ సీ++17లో యాట్‌కీ చదరపు బ్రాకెట్లకీ ఇది వర్తించదు. అన్‌ఆర్డర్డ్ మ్యాప్ అయితే ఈ వెసులుబాటు సీ++20లో గానీ రాలేదు, అక్కడా హ్యాష్, ఈక్వల్ రెండింటినీ ట్రాన్స్‌పరెంట్ అని మీరే గుర్తు పెట్టాలి. మీరు సీ++17లో ఉన్నారు కాబట్టి అన్‌ఆర్డర్డ్ మ్యాప్ ఉన్నచోట స్ట్రింగ్ వ్యూ తీసుకుని, ఫంక్షన్ లోపల స్ట్రింగ్ చేసుకుని వెతకండి. లిటరల్‌తో పిలిచే చోట ఖర్చు మునుపటిదే, ఎందుకంటే ఆ స్ట్రింగ్ ఇప్పటిదాకా బయట తయారయ్యేది, ఇప్పుడు లోపల తయారవుతుంది. చేతిలో అప్పటికే స్ట్రింగ్ ఉండి పిలిచే చోట మాత్రం ఒక కాపీ కొత్తగా వస్తుంది. వేగం ముఖ్యమైన చోట అలాంటివి ఎన్ని ఉన్నాయో చూసి నిర్ణయించుకోండి.

చెవి స్ట్రింగ్ కాకుండా చిన్న టైప్ అయితే ఇంకా సులువు. ఓడ గుర్తింపుకి వాడే ఐఎంఓ నంబర్ ఏడంకెలు. దాని చుట్టూ మీరు రాసుకున్న క్లాస్‌లో ఉండేది ఒక ఇంటిజర్. దాన్ని కాన్స్ట్ రిఫరెన్స్‌గా పంపడం వల్ల ఒరిగేదేమీ లేదు. విలువగా తీసుకోండి. "ప్రతి క్లాస్‌నీ కాన్స్ట్ రిఫరెన్స్‌గానే పంపాలి" అని కాలేజీలో నేర్పిన అలవాటు వల్ల పుట్టే తప్పుడు వార్నింగ్‌లు చాలా ఉంటాయి.

ఇంకో దారి నాకు మరీ ఇష్టం. మెంబర్ ఫంక్షన్ల విషయంలో జీసీసీ ఆబ్జెక్ట్‌ని మాత్రమే చూస్తుంది, మిగతా ఆర్గ్యుమెంట్లను పట్టించుకోదు. అంటే గ్లోబల్ పట్టికలో వెతికే ఫ్రీ ఫంక్షన్‌ని ఆ పట్టికను పట్టుకున్న క్లాస్ మెంబర్‌గా మార్చి, పేరున్న ఆబ్జెక్ట్ మీద పిలిస్తే వార్నింగ్ రాదు. కంపైలర్ కళ్లు కప్పే ట్రిక్ కాదిది. చుక్కకు ఎడమవైపు ఉన్నది బీరువా, బ్రాకెట్ల లోపల ఉన్నది చెవి అని కోడ్ చదివేవాళ్లకూ వెంటనే తెలుస్తుంది. డిజైన్ మార్చే వీలున్న చోట ముందు దీన్నే ఆలోచించండి.

రెండో రకం హ్యాండిల్ క్లాస్‌లు. మీ రిజిస్ట్రీ ఓడ నంబర్ ఇస్తే ఒక చిన్న హ్యాండిల్ విలువగా ఇస్తుంది, దాని మీద గెట్ పిలిస్తే ఓడ రిఫరెన్స్ వస్తుంది. హ్యాండిల్ టెంపరరీ, అది సెమికోలన్ దగ్గర పోతుంది, ఓడ రిజిస్ట్రీలో క్షేమంగా ఉంటుంది. జీసీసీ 13 దీని మీదా అరుస్తుంది. జీసీసీ 14లో దీన్ని చాలావరకు సరిచేశారు. లోపల రిఫరెన్స్ పట్టుకుని దాన్నే తిరిగిచ్చే రిఫరెన్స్ ర్యాపర్ లాంటి క్లాస్‌లనూ, లోపల పాయింటర్ ఉండి డిస్ట్రక్టర్ (వస్తువు పోయేటప్పుడు నడిచే కోడ్) ట్రివియల్‌గా, ఏ పనీ లేకుండా ఉన్న, అంటే ఎస్‌టీడీ స్పాన్ పోలికలున్న క్లాస్‌లనూ ఇప్పుడు వదిలేస్తుంది. తర్కం సరైనదే. పోయేటప్పుడు ఏమీ విడిచిపెట్టని వస్తువు, దేనికీ యజమాని కాదు.

మీ హ్యాండిల్ లోపల షేర్డ్ పాయింటర్ (పట్టుకున్నవాటిలో చివరిది పోగానే వస్తువునీ విడిచిపెట్టేది) ఉంటే మాత్రం డిస్ట్రక్టర్ ట్రివియల్ కాదు, జీసీసీ 14 కూడా హెచ్చరిస్తుంది. దాన్ని తప్పుడు వార్నింగ్ అని వెంటనే తీసిపారేయకండి. ఆ ఓడను పట్టుకున్న చివరి షేర్డ్ పాయింటర్ ఆ హ్యాండిల్‌లోనే ఉంటే? రిజిస్ట్రీ నుంచి ఓడను ఇంకో థ్రెడ్ అప్పుడే తీసేసి ఉంటే? ఆ సెమికోలన్ దగ్గరే ఓడ వస్తువు కూడా పోతుంది. ఇలాంటి చోట హ్యాండిల్‌కి ఒక పేరు పెట్టి లోకల్ వేరియబుల్‌గా ఉంచుకుని, తర్వాతి లైన్‌లో గెట్ పిలవండి. ఒక లైన్ పెరుగుతుంది, సందేహం పోతుంది.

క్లాస్ యజమాని కాదని మీకు ఖాయంగా తెలిసి, జీసీసీ మాత్రం గుర్తుపట్టలేకపోతే, అందుకోసం జీసీసీ 14లో జీఎన్‌యూ నో-డాంగ్లింగ్ అనే యాట్రిబ్యూట్ ఇచ్చారు. దాన్ని క్లాస్ మీద, ఫంక్షన్ మీద, మెంబర్ ఫంక్షన్ మీద పెట్టొచ్చు. బ్రాకెట్లలో ఒక బూలియన్ షరతు కూడా ఇవ్వొచ్చు. టెంప్లేట్లలో ఇది ఎంతో ఉపయోగం, ఎందుకంటే ఒకే టెంప్లేట్ రిఫరెన్స్ టైప్‌తో వస్తే ప్రమాదం లేకుండా, విలువ టైప్‌తో వస్తే ప్రమాదంగా ఉండొచ్చు. మీ జీసీసీ 13కి ఈ యాట్రిబ్యూట్ తెలియదు, తెలియని యాట్రిబ్యూట్ అని ఇంకో వార్నింగ్ ఇస్తుంది. కాబట్టి హ్యాజ్-సీపీపీ-యాట్రిబ్యూట్‌తో పరీక్షించి ఒక మాక్రో చేసుకోండి. ఆ మాక్రో వాడిన ప్రతిచోటా పైన ఒక లైన్ కామెంట్ తప్పనిసరి చేయండి: "ఈ రిఫరెన్స్ ఫలానా వస్తువుది, ఫలానా దాకా బతుకుతుంది". ఆ వాక్యం రాయలేకపోతున్నారంటే ఆ యాట్రిబ్యూట్ పెట్టే హక్కు ఇంకా రాలేదని అర్థం.

మూడో రకం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే నేను దెబ్బ తిన్నది ఇక్కడే.

"పట్టికలో ఉంటే అది ఇవ్వు, లేకపోతే ఈ డిఫాల్ట్ ఇవ్వు" అనే ఫంక్షన్ దాదాపు ప్రతి ప్రాజెక్ట్‌లో ఉంటుంది. పట్టిక, చెవి, డిఫాల్ట్ మూడింటినీ కాన్స్ట్ రిఫరెన్సులుగా తీసుకుని, కాన్స్ట్ రిఫరెన్స్ తిరిగిస్తుంది. పైకి చూస్తే బెర్త్ ఫంక్షన్‌కీ దీనికీ తేడా కనిపించదు. కానీ ఇక్కడ మూడో పారామీటర్ చెవి కాదు. పట్టికలో లేనప్పుడు తిరిగొచ్చేది దాని రిఫరెన్సే. డిఫాల్ట్‌గా లిటరల్ ఇచ్చారంటే, ఆ టెంపరరీ స్ట్రింగ్ సెమికోలన్ దగ్గర పోయింది, మీరు దాన్ని కింది లైన్లలో వాడుతున్నారు.

ఈ వార్నింగ్ జీసీసీలోకి రాకముందు మాట. ఓడల ఏజెంట్లకు రిపోర్టులు పంపే ఒక సాఫ్ట్‌వేర్ మీద ఇక్కడే విశాఖలో పని చేసేవాణ్ని. ఏజెంట్ పేరు లేకపోతే మూడక్షరాల డిఫాల్ట్ ఇచ్చే ఫంక్షన్ నేనే రాశాను. కోడ్ రివ్యూలో కొత్తగా చేరిన ఒకమ్మాయి అడిగింది: "సార్, ఆ డిఫాల్ట్ స్ట్రింగ్ అప్పటికి బతికే ఉంటుందా?" కాన్స్ట్ రిఫరెన్స్ కట్టాం కాబట్టి ఆయుష్షు పొడిగిస్తుందమ్మా అని ధీమాగా చెప్పాను. ఆ పొడిగింపు ఫంక్షన్ గుండా రాదన్న సంగతి నాకు తెలుసు, కానీ ఆ క్షణంలో తోచలేదు. టెస్టుల్లో ప్రతి ఓడకీ ఏజెంట్ ఉన్నాడు, అన్నీ పాస్. డీబగ్ బిల్డ్‌లో ఏజెంట్ లేకపోయినా సరిగ్గానే వచ్చేది, ఎందుకంటే మూడక్షరాలు స్ట్రింగ్ వస్తువు లోపలే, స్టాక్ మీద ఉండేవి. ఆ చోటును వేరే ఎవరూ వాడుకోనంతసేపు పాత అక్షరాలు అలాగే కనిపించేవి. రిలీజ్ బిల్డ్‌లో ఆప్టిమైజర్ ఆ చోటును ఇంకో వేరియబుల్‌కి ఇచ్చింది. ఒక రాత్రి, ఓడ బయల్దేరే గంట ముందు, రిపోర్ట్‌లో ఏజెంట్ పేరు ఉండాల్సిన చోట చెత్త అక్షరాలు వచ్చాయి. ప్రింట్ చేసే కోడ్‌లో తప్పుందని రెండు రాత్రులు వెతికాం. ప్రోగ్రాం నడిచేటప్పుడు మెమరీ తప్పులు పట్టే అడ్రస్ శానిటైజర్‌తో బిల్డ్ చేసి, ఏజెంట్ లేని ఓడ డేటా ఇచ్చి నడిపితే మొదటి నిమిషంలోనే స్టాక్-యూజ్-ఆఫ్టర్-స్కోప్ అని ఆ లైన్ చూపించింది. మర్నాడు టీం అందరి ముందు ఆ అమ్మాయికి తనే కరెక్ట్ అని చెప్పాను. జీసీసీ 13 అప్పట్లో ఉండి ఉంటే ఆ ప్రశ్న కంపైలరే అడిగేది.

అందుకే మీ పది తప్పుడువి చూసి పదకొండోది కూడా తప్పుడుదే అనుకోవద్దంటున్నాను. అసలు తప్పు, తప్పుడు హెచ్చరిక ఈ వార్నింగ్‌లో ఒకే ముఖంతో వస్తాయి. తేడా బాడీలో ఉంటుంది. మీ ఫంక్షన్ల జాబితాలో డిఫాల్ట్, ఆర్-ఎల్స్, ఫాల్‌బ్యాక్ లాంటి పేర్లున్నవాటిని ముందు తెరవండి. మాక్స్, మిన్, క్లాంప్ కూడా. మిన్‌మాక్స్ మరీ మోసం, అది రెండు రిఫరెన్సుల జంటను ఇస్తుంది, ఆటోతో పట్టుకుంటే విలువలా కనిపిస్తుంది కానీ లోపల రెండూ రిఫరెన్సులే.

వీటిని సరిచేయడం కష్టం కాదు. డిఫాల్ట్ ఇచ్చే ఫంక్షన్ విలువను తిరిగివ్వాలి, రిఫరెన్స్‌ని కాదు. కాపీ ఖర్చు భరించలేని పెద్ద టైప్ అయితే పాయింటర్ తిరిగిచ్చి, లేనప్పుడు నల్ ఇచ్చి, డిఫాల్ట్ సంగతి పిలిచినవాళ్లకే వదిలేయండి. పిలిచే చోట మాత్రమే మార్చగలిగితే, వేరియబుల్ డిక్లరేషన్‌లోని ఆంపర్‌శాండ్ తీసేయండి. ఇంటిజర్లు, తేదీలు, చిన్న స్ట్రక్టులకు అక్కడ రిఫరెన్స్ ఎందుకు పెట్టారో రాసినవాళ్లకే గుర్తుండదు.

మీ సొంత క్లాస్ నిజంగా యజమాని అయి, లోపలి వస్తువు రిఫరెన్స్ ఇచ్చేదైతే, వార్నింగ్ కోసం ఎదురుచూడకుండా గెటర్‌కి రిఫరెన్స్ క్వాలిఫయర్లు పెట్టండి. మామూలు ఆబ్జెక్ట్ మీద పిలిస్తే కాన్స్ట్ రిఫరెన్స్, టెంపరరీ మీద పిలిస్తే విలువ ఇచ్చేలా రెండు రూపాలు రాయొచ్చు. లేదా టెంపరరీ రూపాన్ని డిలీట్ చేయొచ్చు. స్టాండర్డ్ లైబ్రరీ కూడా ఇదే పద్ధతి వాడుతుంది: యాజ్-కాన్స్ట్, సీ-రెఫ్ రెండింటికీ టెంపరరీ ఇస్తే కంపైల్ కాకుండా ఆ రూపాలను డిలీట్ చేసి ఉంచారు. "బహుశా" అనే సందేహానికి తావు లేకుండా ఖాయమైన ఎర్రర్ అవుతుంది.

రేంజ్ ఫర్ లూప్ గురించి ఒక మాట. టెంపరరీ మీద మెంబర్ ఫంక్షన్ పిలిచి, అది ఇచ్చిన రిఫరెన్స్ మీద లూప్ తిప్పడం సీ++20 దాకా తప్పే. సీ++23లో ఆ టెంపరరీలు లూప్ అయ్యేదాకా బతికేలా నియమం మార్చారు, జీసీసీ 15లో అది అమలైంది. మీరు సీ++17లో ఉన్నారు కాబట్టి, టెంపరరీకి పైన ఒక పేరు పెట్టి లూప్ రాయండి.

బయటి లైబ్రరీల సంగతి. హెడర్లను బయటివిగా చూడమని చెప్పే ఐసిస్టం ఫ్లాగ్ కింద పెడితే వార్నింగ్‌లు పోతాయని మీ సహోద్యోగి అన్నారని రాశారు. ఈ వార్నింగ్‌కి అది సరిపోదు, ఎందుకంటే అది వచ్చేది లైబ్రరీ లైన్ మీద కాదు, దాన్ని పిలిచిన మీ లైన్ మీద. కానీ జీసీసీ ఒక వీలు ఇచ్చింది: ఫంక్షన్ డిక్లేర్ అయిన చోట ఈ వార్నింగ్ ప్రాగ్మాతో (కోడ్‌లోనే కంపైలర్‌కి ఇచ్చే ఆదేశంతో) ఆపి ఉంటే, దాన్ని ఎక్కడ పిలిచినా ఊరుకుంటుంది. మాన్యువల్‌లో యూజ్-ఫాసెట్ ఉదాహరణతో ఇదే చెప్పారు, క్లాస్ చుట్టూ ప్రాగ్మా పెడితే దాని మెంబర్లన్నిటికీ వర్తిస్తుంది. కాబట్టి ఆ లైబ్రరీ హెడర్‌ని మీ సొంత హెడర్ ఒకదాంట్లో ఇన్‌క్లూడ్ చేసి, ముందు ప్రాగ్మా పుష్, ఇగ్నోర్డ్, తర్వాత పాప్ పెట్టండి. మిగతా ఫైళ్లన్నీ మీ హెడర్‌నే వాడాలి. వందల చోట్ల ప్రాగ్మాలు చల్లే బదులు ఒక్క చోట ఉంటుంది. క్లాంగ్ అనే ఇంకో కంపైలర్‌తో కూడా కంపైల్ చేస్తుంటే జీఎన్‌యూసీ మాక్రో విలువ 13 లేదా పైన ఉంటేనే అని షరతు పెట్టండి. క్లాంగ్ ఆ మాక్రోని 4 అని చెబుతుంది కాబట్టి ఈ ప్రాగ్మా దాని దాకా వెళ్లదు.

టీం లీడ్ గారి వాదనలో న్యాయం లేకపోలేదు. జీసీసీ 13 2023 ఏప్రిల్‌లో వచ్చినప్పుడు ఈ వార్నింగ్ డబ్ల్యూ-ఆల్‌లో ఉంది, అంటే దాదాపు అందరి బిల్డ్‌లోనూ ఆన్. 2024 మేలో జీసీసీ 14 వచ్చేసరికి దాన్ని విడిగా అడిగితేనే వచ్చే డబ్ల్యూ-ఎక్స్‌ట్రాకి దించారు. మన పోర్టులో ఎగరేసే తుఫాను సిగ్నల్ నంబర్లు గుర్తు చేసుకోండి. ఎక్కడో దూరాన సముద్రంలో అల్పపీడనం బలపడితే ఒకటో నంబరు, ఊరి మీదికే పెను ప్రమాదం వస్తుంటే ఎనిమిది నుంచి పది. ఫిషింగ్ హార్బర్‌లో ఒకటో నంబరు చూసినవాళ్లు రేడియో వింటారు, ఆకాశం చూస్తారు. పదో నంబరుకి చేసే పని వేరు. దూరపు అల్పపీడనానికల్లా పది ఎగరేస్తే నిజంగా పది వచ్చిన రోజు ఎవరూ బోటు లాగి కట్టరు. జీసీసీ 13లో జరిగింది నంబరు ఎక్కువ వేయడం. 14లో నంబరు తగ్గించారు, జెండా దించలేదు. మీరూ అలాగే చేయండి. దీన్ని డబ్ల్యూ-ఎర్రర్‌లోంచి తప్పించడం సబబు, పూర్తిగా ఆపడం కాదు.

క్లాంగ్ దీన్ని వేరే వైపు నుంచి చేసింది, తెలుసుకుంటే మంచిది. జీసీసీ అన్ని రిఫరెన్స్ పారామీటర్లనూ అనుమానించి, మీరు చెప్పినవాటిని వదిలేస్తుంది. క్లాంగ్ మీ ఫంక్షన్ల విషయంలో సాధారణంగా అనుమానించదు, ఏ పారామీటర్‌కి ఫలితం ముడిపడి ఉందో దాని మీద మీరు లైఫ్‌టైమ్-బౌండ్ అనే యాట్రిబ్యూట్ పెడితే అప్పుడు పట్టుకుంటుంది. తప్పుడు వార్నింగ్‌లు తక్కువ, కానీ గుర్తు పెట్టని చోట తప్పులు జారిపోతాయి. నా అనుభవంలో రెండూ కలిపి వాడితేనే ఫలితం. డిఫాల్ట్ ఫంక్షన్ లాంటివాటికి ఆ పారామీటర్ మీద లైఫ్‌టైమ్-బౌండ్ పెట్టండి, సీఐలో (తనంతట తానే బిల్డ్, టెస్టులు నడిపే ఏర్పాటు) ఒక క్లాంగ్ బిల్డ్ నడపండి. అలా రాసినప్పుడు బీరువా ఏదో మీరు అక్షరాలా డిక్లరేషన్‌లో రాసినట్టే.

ఒక జాగ్రత్త చెప్పకపోతే నా సలహా సగమే అవుతుంది. స్ట్రింగ్ వ్యూ తీసుకున్నాక జీసీసీ ఆ పారామీటర్‌ని చూడడం మానేస్తుందని చెప్పాను కదా, అది అసలు తప్పుల విషయంలోనూ నిజం. ఫంక్షన్ ఆ స్ట్రింగ్ వ్యూ లోపలి అక్షరాలకే రిఫరెన్సో, వ్యూనో తిరిగిస్తే ఈ వార్నింగ్ మిమ్మల్ని కాపాడదు. కాబట్టి చెవులకు మాత్రమే స్ట్రింగ్ వ్యూ. ఫలితం దాని నుంచే వచ్చే ఫంక్షన్లకు వార్నింగ్ పోగొట్టుకోవడానికి దాన్ని వాడొద్దు.

ఇంకో ఉపాయం. మీ ఉబుంటు 24.04లోనే జీ++-14 ప్యాకేజీ దొరుకుతుంది. రిలీజ్ బిల్డ్ 13తోనే చేసుకుంటూ, సీఐలో రోజుకోసారి 14తో డాంగ్లింగ్ రిఫరెన్స్ ఫ్లాగ్ విడిగా ఆన్ చేసి కంపైల్ చేయించండి. స్పాన్ లాంటి క్లాస్‌ల మీద వచ్చే గోల అక్కడ ఉండదు, మిగిలిన జాబితా చిన్నది. ఆ జాబితా మీదే పని చేయండి. పక్కనే అడ్రస్ శానిటైజర్ బిల్డ్ ఒకటి ఉంటే మంచిది. అది నడిచిన దారిలో మాత్రమే తప్పు పట్టగలదు కాబట్టి, టెస్ట్ డేటాలో ఏజెంట్ లేని ఓడలు, బెర్త్ ఇంకా కేటాయించని ఓడలు, పేరు ఖాళీగా ఉన్న ఓడలు తప్పకుండా పెట్టండి.

మీరు పంపిన పదిలో ఎనిమిది చెవి రకం, ఒకటి హ్యాండిల్. పదోది, పైలట్ పేరు తెచ్చే లైన్, తప్పుడుదని మీరు రాశారు గానీ ఆ ఫంక్షన్ బాడీ పంపలేదు. దాని చివరి పారామీటర్‌కి ఒక లిటరల్ వెళుతోంది. రిలీజ్‌కి ముందే ఆ బాడీ ఒకసారి తెరిచి, ఇక్కడ పెట్టండి. మిగతావి తర్వాత చూద్దాం.